ముగింపులోని పనితనం

సర్వర్‌లో టాప్ కమాండ్ కొడితే పైన రెండో లైను చివర జాంబీల సంఖ్య కనిపిస్తుంది. అది సున్నా కాకపోతే కొత్తగా చేరిన అడ్మిన్‌కు కంగారు. కిల్ -9 కొడతారు, కదలదు. మళ్లీ కొడతారు, అయినా కదలదు. ఆ ప్రాసెస్ ఎప్పుడో చచ్చిపోయింది, ఇక చంపడానికి ఏమీ మిగల్లేదు. ప్రాసెస్ పట్టికలో మిగిలినది దాని తల్లి ప్రాసెస్‌కు అందాల్సిన ఒక్క కబురు. యూనిక్స్ మొత్తంలో ఇంత శ్రద్ధగా చెక్కిన చోట్లు తక్కువని నా అభిప్రాయం.

ఆ చెక్కడం చూడాలంటే పాత కోడ్ దగ్గరికి వెళ్లాలి. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తీర్చిదిద్దిన యూనిక్స్ ఆరో ఎడిషన్ 1975లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే జాన్ లయన్స్ దాని కెర్నెల్‌కు 1977లో లైనుకు లైను వ్యాఖ్యానం రాశారు. కెర్నెల్ అంతా కలిపి పదివేల లైన్లు కూడా లేదు. అందులో ఎగ్జిట్ అనే ఫంక్షన్ ఒక్క పేజీలో ఇమిడిపోతుంది.

అది పని చేసే వరుస చూడండి. మొదట సిగ్నళ్లన్నిటినీ పట్టించుకోనవసరం లేనివిగా గుర్తిస్తుంది, పోయే పనిలో ఉన్నవాణ్ణి మధ్యలో ఎవరూ పిలవకుండా. తరవాత తెరిచి ఉన్న ఫైళ్లను ఒక్కొక్కటే మూస్తుంది. నిలబడ్డ డైరెక్టరీని వదులుతుంది. ప్రోగ్రామ్ కోడ్‌ను వదులుతుంది. ఆ పైన స్వాప్ డిస్కులో ఒకే ఒక్క బ్లాకు, అంటే 512 బైట్లు తీసుకుని, ఎగ్జిట్ విలువా వాడుకున్న సమయాల లెక్కా అందులో రాసిపెడుతుంది. రాయడం పూర్తయ్యాకే మెమరీ తిరిగి ఇచ్చేస్తుంది. అప్పుడు గానీ ప్రాసెస్ పట్టికలో తన వరుసకు జాంబీ అన్న గుర్తు పడదు. ఆ పట్టికలో ఉన్నవి మొత్తం 50 వరుసలే. అంత ఇరుకులో కూడా చచ్చినదానికి ఒక వరుస అట్టే పెట్టారంటే, ఆ కబురుకు వాళ్లిచ్చిన విలువ అది.

ఎందుకంత విలువ? తల్లి ప్రాసెస్ వెయిట్ అని ఎప్పుడైనా అడగవచ్చు: నా పిల్ల ఏమైంది, పని నెరవేరిందా, చెడిందా? షెల్ స్క్రిప్టులో బయటి ప్రోగ్రామ్‌ను నడిపి చూసే ప్రతి ‘ఇఫ్’ ఆ జవాబు మీదే నిలబడి ఉంది. తల్లి ఇంకా అడగలేదంటే ఇక అడగదని కెర్నెల్ అనుకోదు. ఆ నిర్ణయం తనది కాదని దానికి తెలుసు. పట్టికలో వరుస ఉన్నంతకాలం ఆ ప్రాసెస్ నంబరు, అంటే పీఐడీ, మరొకరికి పోదు కాబట్టి, ఒకరి కబురు ఇంకొకరి ఖాతాలో పడే ప్రమాదమూ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది నిద్ర, చావు కలిసే చోటు. వెయిట్ పిలిచిన తల్లికి అప్పటికింకా ఏ పిల్లా ముగియకపోతే, అది పట్టికలో తన సొంత వరుస చిరునామా మీదే నిద్రపోతుంది. పోయే పిల్ల పట్టికలో తల్లి వరుసను వెతికి, సరిగ్గా ఆ చిరునామాకే మేలుకొలుపు పంపుతుంది. వేరే జాబితా లేదు, మధ్యవర్తి లేడు. లేచిన తల్లి డిస్కు బ్లాకు చదివి, దాన్ని విడిపించి, వరుస చెరిపి, పిల్ల సమయాన్ని తన లెక్కలో కలుపుకుంటుంది. పిల్ల ఇదివరకే కలుపుకున్న మనవళ్ల సమయం కూడా దాంతోపాటే పైకి వస్తుంది. పోయేవాడికి పిల్లలుంటే వాళ్లందరికీ ఒకటో నంబరు ప్రాసెస్ ఇనిట్ తల్లి అవుతుంది. తల్లులు లేనివాళ్ల కబుర్లు వినడం ఇనిట్‌కు నిత్యకృత్యం.

1979 నాటి ఏడో ఎడిషన్‌లో ఆ డిస్కు బ్లాకు కూడా పోయింది. చచ్చినదానికి ఇక అక్కరలేని గడుల్లోనే, అదే వరుసలో, ఎగ్జిట్ విలువా సమయాలూ సర్దేశారు. ఉన్న చోటునే మళ్లీ వాడుకున్న ఆ సర్దుబాటును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

పనేమీ లేక ఖాళీగా ఉండే ఐడిల్ సంగతీ ఇంతే పొదుపు. నడపడానికి ఎవరూ సిద్ధంగా లేకపోతే ఆరో ఎడిషన్ కెర్నెల్ ప్రాసెసర్ ప్రయారిటీని సున్నాకు దించి, తాను నడిచే పీడీపీ-11 కంప్యూటర్‌లోని వెయిట్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగుతుంది. దించకుండా ఆగితే లేపాల్సిన ఇంటరప్టు లోపలికి రాలేకపోవచ్చు. ఇప్పటి లినక్స్‌లో ప్రతి కోర్‌కూ ఒక ఐడిల్ టాస్కు ఉంటుంది, ఎక్స్86 మీద హాల్ట్ లాంటి ఇన్‌స్ట్రక్షన్‌తో కోర్‌ను పడుకోబెడుతుంది. పీఎస్ జాబితాలో ఎస్ అక్షరంతో కనిపించే వందలాది ప్రాసెస్‌లు నిద్రలో ఉన్నవే. అవి సీపీయూను తినవు, వాటిని ఏరి చంపాల్సిన పని లేదు.

జాంబీలు పెరుగుతున్నాయంటే మాత్రం తల్లిని చూడాలి, పీపీఐడీగా కనిపించే తల్లి నంబరు ఎవరిదో కనుక్కోవాలి. చాలాసార్లు దొరికే తప్పు ఒకటే. పిల్ల ముగిసినప్పుడు వచ్చే సిగ్‌చైల్డ్ సిగ్నల్ వరుస కట్టదు. ముగ్గురు ఒకేసారి ముగిస్తే ఒక్క సిగ్నలే రావచ్చు. ఒక్కసారి వెయిట్ పిలిచి ఊరుకున్న ప్రోగ్రామ్ మిగతా ఇద్దరినీ పట్టికలో వదిలేస్తుంది. ముగిసినవాళ్లు ఇక ఎవరూ లేరని జవాబు వచ్చేదాకా వెయిట్‌పిడ్‌ను లూపులో పిలవాలి. కంటెయినర్లలో అప్లికేషనే ఒకటో నంబరు అయి కూర్చుంటుంది, అనాథల్ని చూసుకోవాలన్న సంగతి దానికి తెలియదు. అందుకే టినీ లాంటి చిన్న ఇనిట్‌ను దాని ముందు నిలబెడతారు. అది చేసేదల్లా అప్లికేషన్‌కు సిగ్నళ్లు అందించడం, ముగిసినవాళ్ల కబురు వినడం.