రెక్క విప్పేదాకా

ఈ వారం జైసల్మేర్ నుంచి నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పంపింది సిద్దిపేట వైపు కుర్రాడు. అక్కడి ఎడారిలో సోలార్ ప్లాంటులో ఉద్యోగం, వారం వారం ఈ కాలమ్ చదువుతాడు. "సార్, ఈడ కూడా మన పాలపిట్ట ఉంది. దసరాకు ఇంటికి రాకున్నా ఫికర్ లేదిగ" అని కింద రాశాడు. కరెంటు తీగ మీద కూర్చున్న పిట్ట. తల నుంచి తోక దాకా ఒకటే నీలం. వెనక ఆకాశం కూడా అదే నీలం, దూరంగా ఉన్న సోలార్ పలకలూ అదే. పిల్లవాడి ఉత్తరానికి సంతోషం వేసింది గానీ ఆ నీలానికి చిరాకేసింది. ఫొటో తీయగానే మనల్ని అడక్కుండా రంగు పెంచేస్తున్నాయి ఈ ఫోన్లు. ఆ పెంపులో పిట్ట గొంతు అసలు ఏ రంగో తెలియకుండా పోయింది. నాకు కావలసింది ఆ గొంతే. ఫోను దిద్దని ఫొటో ఉంటే పంపమన్నాను.

పాత పాఠకులకు నా పాట కొత్తది కాదు. పిట్టను గుర్తుపట్టేటప్పుడు రంగును ఆఖరున చూడాలి. ముందు ఎంత ఉంది, ముక్కు ఎలా ఉంది, ఎక్కడ కూర్చుంది, ఎలా ఎగురుతోంది, తోక ఆడిస్తోందా లేదా చూడాలి. అవి నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసుకున్నాకే రంగు. ఎడారికి వెళ్లేవాళ్లకైతే ఈ మాట మరీ నొక్కి చెబుతాను. థార్‌లో పొద్దు కాస్త ఎక్కిందంటే నేల మీద వేడిగాలి ఆడుతుంది, బైనాక్యులర్స్‌లో పిట్ట అంచులు కరిగిపోతాయి. చెట్లు పలచన గనుక పిట్టలన్నీ తీగల మీద, కొమ్మల చివరల్లో, మనకూ సూర్యుడికీ మధ్య కూర్చుంటాయి. అలా ఎండకు అడ్డంగా ఉన్నప్పుడు మగ ఊదారంగు తేనెపిట్ట ఒట్టి నల్లపిట్టే. పసిరిక పిట్టలో పచ్చదనం పోయి బూడిదే మిగులుతుంది.

కారణం ఈకలోనే ఉంది. పాలపిట్ట ఈకలో నీలపు రంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఈక పోగుల్లోని అతి సన్నని గాలి గదులు వెలుగును చెదరగొట్టి నీలాన్ని మాత్రమే మన కంటికి పంపుతాయి. సి.వి. రామన్ అంతటివాడు 1930ల్లో ఈ పిట్ట ఈకలనే ముందేసుకుని, ఆ రంగులు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికి వ్యాసం రాశారు. మీకూ తోవలో ఎప్పుడైనా రాలిన ఈక కనబడితే ఎత్తి ఆకాశానికి అడ్డం పెట్టి చూడండి. గోధుమరంగు. అదే ఈకను ఎండ పడేట్టు కిందికి వంచండి, నీలం వచ్చేస్తుంది. వెలుగు వెనక నుంచి వస్తే మాయమైపోయే రంగును సాక్ష్యానికి ఎలా పిలుస్తాం?

అయితే కచ్‌లో బన్నీ గడ్డిమైదానంలో గడిపిన ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి. సెప్టెంబరు నెల. వానలు వెనకపట్టాయి, గడ్డి నిండా మిడతలు. పక్షులు చూసేవాళ్లకు కచ్‌లో అది పండగ కాలం. మధ్య ఆసియాలో గూళ్లు కట్టుకున్న పిట్టలు ఆఫ్రికాకు పోతూ పోతూ అక్కడ దిగి, కడుపు నింపుకుని, అరేబియా సముద్రం మీదుగా వెళ్లిపోతాయి. చలికాలం ఉండిపోయే విడిది కాదు, దారి మజిలీ. ఎర్రవీపు ష్రైక్, నీలిచెంపల పసిరిక, మన పాలపిట్టకు దగ్గరి చుట్టమైన యూరోపియన్ రోలర్ అలా వచ్చేవే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 'బర్డ్స్ ఆఫ్ కచ్' 1945లో వచ్చింది. అంతకు చాలాముందే, 1931-32లో, ఆయన మన నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి పక్షుల సర్వే చేశారు. తెలుగు నేల పిట్టలు తెలిసిన కళ్లతోనే ఆయన కచ్ ఎడారిని చూశారన్నది నాకెప్పుడూ ఇష్టమైన విషయం.

ఆ మధ్యాహ్నం సర్కారు తుమ్మ కొమ్మ మీద ఒక రోలర్ కూర్చుని ఉంది. మన పాలపిట్టా కావచ్చు, ఆ దారినపోయే యూరోపియనూ కావచ్చు. రెండూ జానెడున్నర పిట్టలే. రెండింటికీ అదే పెద్ద తల, అదే దిట్టమైన ముక్కు. ఎత్తున కూర్చుని నేల మీద పురుగును కనిపెట్టి దిగడం కూడా అదే తీరు. నా వరసలో ఒక్కొక్కటీ అడుగుతూ పోతే ప్రతి ప్రశ్నకూ రెండు పిట్టలూ ఒకే జవాబు చెబుతున్నాయి. ఇక మిగిలింది రంగు. పెద్ద పిట్టల్లో తేడా తేలికే. మనదానికి గొంతూ రొమ్మూ ఊదా కలిసిన గోధుమరంగులో ఉంటాయి, వాటి మీద తెల్లటి సన్నగీతలు. యూరోపియన్‌కు తల నుంచి పొట్ట దాకా లేతనీలం, వీపు మాత్రం మంచి ఇటుకరంగు. కానీ ఈ కొమ్మ మీది పిట్ట గొంతు గోధుమగా ఉంది, లేతగీతలూ ఉన్నాయి. మా జట్టులో ఒకాయన పాలపిట్టే అన్నాడు. ఇంకొకాయన, యూరోపియన్ పిల్లపిట్టకు కూడా మొదటి ఏడాది గొంతు అలాగే మాసినట్టు ఉంటుందన్నాడు. ఇద్దరి మాటా సబబే.

మాతో వచ్చిన బన్నీ పెద్దాయన పశువుల కాపరి. కాకా అని పిలిచేవాళ్లం. పుస్తకం తెరవలేదు. "ఉడ్‌నే దో" అని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎగరనీయండి అని. మేమూ కూర్చున్నాం. చాలాసేపటికి అది మిడత కోసం కిందికి దిగింది. దిగుతున్నప్పుడు రెక్క పైభాగం మావైపు తిరిగింది. ముందు సగం లేతనీలం, వెనక సగం, అంటే ఎగిరే ఈకలన్నీ, నలుపు. మన పాలపిట్ట రెక్కలో ఆ నలుపు లేదు. ముదురునీలం, లేతనీలం పట్టీలుగా మారి మారి వస్తాయి, రెక్క కొస దగ్గర ఒక వెడల్పాటి లేతపట్టీ మెరుస్తుంది. పిల్లపిట్టకైనా ఆ పట్టీ ఉంటుంది. మా వాదన అక్కడితో ముగిసింది.

రంగును ఆఖరున చూడమనే నా మాట అన్ని పిట్టలకూ పనికిరాదు. ఆకారం, నడవడి ఒక్కటైన చోట రంగు ఒక్కటే తేలుస్తుంది. కాకపోతే పిట్ట ఏ రంగు అని అడగడం దండగ, ఆ రంగు ఒంటి మీద ఎక్కడుంది అని అడగాలి. పసిరికల్లోనూ అంతే. మన గోదావరి ఇసుక గట్లకు బొరియలు పెట్టే నీలితోక పసిరికకూ, కచ్‌లో కనబడే నీలిచెంపల పసిరికకూ తోక దగ్గర చూడాలి. మనదానికి తోక నీలం, దానికి పచ్చ.

కుర్రాడు పంపిన రెండో ఫొటోలో గొంతు లేతనీలమే. అయినా ఎగిరేటప్పుడు వీడియో తియ్యమన్నాను. డ్యూటీ దిగాక కాపు కాసి తీసి పంపాడు. నల్లరెక్క. ఆ దారినపోయే యూరోపియనే. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: "సార్, దసరానాడు ఇది కనబడితే లెక్కకు వస్తదా?" ఎందుకు రాదు? అది కూర్చున్న తీగ పక్కనే ఖేజ్రీ చెట్టుంది. ఖేజ్రీ అంటే మన జమ్మే. రాజస్థాన్‌కు రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ రాష్ట్ర వృక్షం. జమ్మి ఉంది, నీలిపిట్ట ఉంది, పండగకు ఇంకేం తక్కువ! (ఆ తీగలే బట్టమేక పిట్టల ప్రాణం తీస్తున్నాయి. ఎగురుతూ వెళ్లి తీగలకు తగిలి చస్తున్నాయి. ఆ తీగలను భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. రోళ్లపాడులో ఈ పిట్టలు కనబడకుండా పోయిన గోడు తెలిసిన మనం దాని గురించి మరో వారం మాట్లాడుకోక తప్పదు.)

పండగ దగ్గరికొచ్చింది గనుక ఇంకో మాట. పంజరంలో పాలపిట్టను తెచ్చి, చూపించి డబ్బులు పట్టుకెళ్లేవాళ్లు మన వీధుల్లో ఇప్పటికీ తిరుగుతున్నారు. రోజుల ముందే వలేసి పడతారు, ఎగరకుండా రెక్కలకు దారం చుడతారు, తిండి సరిగా పెట్టరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం మాట అలా ఉంచినా, దారం చుట్టిన ఆ పిట్టలో మనం చూసేది గోధుమరంగు గొంతు మాత్రమే. పిట్టకుండే నీలమంతా ఆ దారం కింద ఉండిపోయింది. అలాంటి పంజరం గుమ్మంలోకి వస్తే రూపాయి ఇవ్వకండి, అటవీశాఖకు ఫోన్ చేయండి. పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి శివారు పొలాలకు వెళ్లండి. ఎండ మీ వీపున ఉండేలా నిలబడి తీగల మీద వెతకండి. పురుగు కనబడితే అదే దిగుతుంది, చప్పట్లు కొట్టి లేపకండి.