పళ్ళెంలో నాలుగు భాషలు

ఫిన్లాండ్‌లో తొమ్మిదేళ్ళ బడి చదువు ముగించి, పదహారేళ్ళ వయసులో లుకియోలో, అంటే మన ఇంటర్ లాంటి చదువులో, చేరిన పిల్ల ముందు పెట్టేది టైంటేబుల్ కాదు, పళ్ళెం. తార్యోటిన్ అంటారు దాన్ని. ఫిన్నిష్‌లో ఆ మాటకి అర్థం వడ్డించే పళ్ళెమే. ఏడాదిలో నడిచే కోర్సులన్నీ కంప్యూటర్ తెర మీద విడతలవారీగా పరిచి ఉంటాయి. ఒక్కో విడతలో కొన్ని నిలువు వరసలుంటాయి. వాటి పేరు పల్కి. మనకి పల్లకీ గుర్తొస్తుంది గానీ, వాళ్ళ భాషలో దూలం అని. ఒక దూలం మీద ఉన్నవాటిలో ఒక్కటే తీసుకోవాలి. ఫ్రెంచ్, కెమిస్ట్రీ రెండూ ఒకే దూలం మీద పడ్డాయా, ఒకదాన్ని మరో విడతకి జరుపుకోవాల్సిందే. ఫస్టియర్, సెకండియర్ అన్న గోడలు లుకియోలో లేవు కాబట్టి ఆ జరపడం కుదురుతుంది. మూడేళ్ళు చాలకపోతే నాలుగేళ్ళు పట్టినా తప్పు లేదు.

నన్ను ఈ ఏర్పాటు దగ్గర కూర్చోబెట్టింది పళ్ళెం కాదు, అందులో భాషల పేర్ల పక్కన కనిపించే అక్షరాలు. ఏ, బీ1, బీ2, బీ3. మొదట చూసినప్పుడు గ్రేడ్లనుకున్నాను. కావు. ఆ భాషతో నీ పరిచయం ఎప్పుడు మొదలైందో చెప్పే గుర్తులవి. చిన్న తరగతుల్లోనే మొదలుపెట్టినది ఏ. ఎక్కువమందికి అది ఇంగ్లీషు. ఆరో తరగతిలో వచ్చేది బీ1. ఫిన్నిష్ మాట్లాడే పిల్లలకి అది స్వీడిష్, దేశపు రెండో అధికార భాష. ఆ తర్వాతి తరగతుల్లో ఇష్టపడి తీసుకున్నది బీ2. లుకియోకి వచ్చాకే ఓనమాలు దిద్దేది బీ3. జర్మన్ ఒకరికి ఏ కావచ్చు, పక్క కుర్చీలో పిల్లవాడికి బీ3 కావచ్చు. భాష ఒకటే అయినా దారి ఒకటి కాదు. ఎనిమిదేళ్ళుగా చదువుతున్నవాణ్ణీ నిన్న మొదలుపెట్టినవాణ్ణీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే పరీక్ష పెట్టరన్నమాట. ఇంత చిన్న అక్షరంతో అంత పెద్ద పేచీ తీర్చేశారు.

నేను ఇంటర్‌లో చేరినప్పుడు రెండో భాష ఎంపికకి అర నిమిషం పట్టింది. “సంస్కృతం పెట్టుకో బాబూ, స్కోరింగ్” అన్నారు కౌంటర్లో. మార్కులు నిజంగానే వచ్చాయి. సంస్కృతం మాత్రం రాలేదు.

ఇక ఫిన్లాండ్ లెక్క చూడండి. లుకియో పూర్తవ్వాలంటే కనీసం 150 క్రెడిట్లు కావాలి. ఒక క్రెడిట్ అంటే 14 గంటల 15 నిమిషాల పాఠం. “ఏ” స్థాయి ఇంగ్లీషుకి తప్పనిసరివి 12, బీ1 స్వీడిష్‌కి 10. బీ3గా స్పానిష్ మొదటి నుంచి చివరిదాకా చదివితే ఎనిమిది మాడ్యూళ్ళు, 16 క్రెడిట్లు. ఇంకో కొత్త భాష కూడా అలాగే పెట్టుకుంటే మొత్తం 54. అంటే మూడో వంతు దాటి చదువు భాషలకే పోతుంది, అదీ మాతృభాష కాకుండా. భాషల పిచ్చి ఉన్న పిల్లకి ఇది విందే. ఫిజిక్స్ కూడా కావాలంటేనే చిక్కు.

ఇంగ్లీషు 12 క్రెడిట్లనీ సమానంగా పంచలేదు చూశారా, అక్కడ ఉంది పనితనం. మొదటి మాడ్యూల్ ఒక్క క్రెడిట్టే. అందులో ప్రధానం వ్యాకరణం కాదు, భాష నేర్చుకునే పద్ధతి: నాకు ఏది ఎలా పడుతుంది, ఎక్కడ జారుతున్నాను అని పిల్లలు తమను తాము చూసుకోవడం. రెండోది మూడు క్రెడిట్లు, ప్రపంచమంతా వాడే భాషగా ఇంగ్లీషు గురించి. ఆపైన రెండేసి. నాట్లకి ముందు దమ్ము చేసినట్టు, ముందు నేల మెత్తబరుస్తారు. అప్పటికే ఇంగ్లీషు వచ్చిన పిల్లలకి ఇదెందుకని విసుక్కునేవాళ్ళుంటారు. కానీ ఆ ఒక్క క్రెడిట్లో అలవడిన పద్ధతి బీ3 స్పానిష్ మొదలెట్టేటప్పుడు చేతికొస్తుంది.

చివర్లో మెట్రిక్యులేషన్ పరీక్ష. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో, శరత్తులో జరుగుతుంది. పేపర్లన్నీ ఒక్కసారే రాయనక్కర్లేదు, వరసగా వచ్చే మూడు దఫాల మీద పరుచుకోవచ్చు. స్వీడిష్‌ను మూడో ఏడు శరత్తులో రాసి దించుకోవాలంటే దాని కోర్సులు ముందే తీసుకోవాలి. స్పానిష్ అడుగునుంచి మొదలవుతుంది కాబట్టి ఆఖరి వసంతానికి ఉంచుకుంటే మేలు. అలా పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ పళ్ళెం నింపుకోవాలి. పక్కన సలహాదారు ఉంటారు, పిల్లలు ముద్దుగా ఓపో అంటారు. ఆలస్యంగా మొదలెట్టినవాళ్ళకి చిన్న సిలబస్ పేపరు వేరే ఉంది. అందులోనూ లౌదాతుర్ రావచ్చు. లాటిన్ పేర్ల గ్రేడ్లలో అన్నిటికన్నా పైది అదే.

బీటలు లేవా అంటే ఉన్నాయి. 2020 నుంచి యూనివర్సిటీ సీట్లలో చాలా భాగం ఈ పరీక్ష గ్రేడ్ల మీదే ఇస్తున్నారు. గ్రేడ్లని పాయింట్లుగా మార్చే పట్టికలో పెద్ద సిలబస్ లెక్కల పేపరు బరువు ఎక్కువ, చిన్న సిలబస్ భాషది తక్కువ. పళ్ళెం ఎంత అందంగా అమర్చినా, తక్కెడ ఇంకోచోట ఉంటే పిల్లల చెయ్యి అటే పోతుంది. పైగా చిన్న ఊళ్ళలో ఫ్రెంచ్‌కి నలుగురే చేరితే ఆ కోర్సు నడవకపోవచ్చు. అందుకే కొన్నిచోట్ల లుకియోలు జట్టు కడతాయి. పంతులమ్మ ఒక ఊళ్ళో, ఇద్దరు పిల్లలు ఇంకో ఊళ్ళో, ముగ్గురు మరో ఊళ్ళో, తెర మీద అంతా ఒకే క్లాసు.