పాటను విప్పి చూస్తే

తెలుగు రాయడం నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేనిచ్చే సలహా ఒక్కటే. వ్యాకరణం తర్వాత చూసుకుందువు గానీ, ముందు గోరటి వెంకన్న పాటొకటి తీసుకుని విప్పి చూడు. వింటే చాలదు, విప్పాలి. పల్లవి ఒక కాగితం మీద, చరణాలు ఇంకో కాగితం మీద రాసుకుని, ఏ మాట ఎక్కడ ఎందుకు కూర్చుందో, దాన్ని లేపి ఇంకోదాన్ని కూర్చోబెడితే ఏం చెడుతుందో చూడాలి. మా మర్పల్లి వికారాబాద్ నుంచి బీదర్ పోయే రైలు దారిలో ఉంది. ఇక్కడి పిల్లల తెలుగులో కొంత ఉర్దూ, కొంత కన్నడం కలిసే ఉంటాయి. 'కూసున్నడు' అని రాస్తే ఎర్ర సిరా పడుతుందన్న భయంతో వాళ్లు రాయడమే మానేస్తారు. ఆ భయం పోగొట్టే మందు పాట దగ్గరుంది.

ఈ పని మనమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2024లో టేలర్ స్విఫ్ట్ పాటల మీద ఏకంగా ఒక కోర్సే నడిపారు. ఆమె మాటల పొందిక, ఆమె పాటల్లో కనిపించే సమాజం అక్కడ పాఠ్యాంశాలు. అంతకుముందు 2016లో బాబ్ డిలాన్‌కు సాహిత్యంలో నోబెల్ ఇచ్చారు. ఇక్కడ కొందరు పండితులు ముఖం చిట్లించారు. ఎందుకో నాకర్థం కాదు. పాప్ స్టార్ అంటే వేలమందిని ఒక్క గొంతుతో నిలబెట్టేవాడని అర్థమైతే, మనకంటూ గద్దర్ ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు! మైదానం కొసన కూర్చున్న ముసలమ్మకు కూడా మాట మాట అందేది. 1997లో తూటాలు తగిలి, ఒకటి ఒంట్లోనే మిగిలిపోయినా, 2023 ఆగస్టు 6న కన్నుమూసే దాకా ఆ మనిషి పాట ఆపలేదు. ఇప్పుడు సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన పాట ఎలా కట్టాడో నేర్పే తరగతి గది మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

గద్దర్ పనితనంలో నన్ను కట్టిపడేసేది పాట మధ్యలో ఆయన ఆగే తీరు. చరణం అయిపోగానే దరువు సన్నగా నడుస్తుంటుంది. ఆయన వచనంలోకి దిగి ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు మాట్లాడతాడు, వంతపాటగాళ్లు ఊ కొడతారు, మళ్లీ పల్లవి ఎత్తుకుంటాడు. ఒగ్గుకథలో చుక్క సత్తయ్య, మిద్దె రాములు చేసిందీ ఇదే. బుర్రకథలో కథకుడికీ హాస్యగాడికీ నడిచే మాటలూ ఇవే. ఊపిరి ఎక్కడ పీల్చాలో, విన్నవాడికి తేరుకోవడానికి ఎంత సందు వదలాలో తెలిసినవాడే పేరా ఎక్కడ విరవాలో తెలిసిన రచయిత అవుతాడు. వ్యాసం రాసే పిల్లలకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇక 'నాటు నాటు'. 2023లో ఆస్కార్ వచ్చిందని ఊరూరా టపాసులు కాల్చాం కదా, ఆ మాటలు కట్టిన చంద్రబోస్ ఏం చేశాడో ఎంతమంది చూశారు? కీవ్‌లో అధ్యక్ష భవనం ముందు తీసిన పాట అది. మాటలు మాత్రం ఉమ్మడి వరంగల్ జిల్లా చల్లగరిగె నుంచి పోయాయి. నాటు అంటే ఏమిటో నిర్వచనం చెప్పడు. వరసగా పోలికలే పెడతాడు, ప్రతి పోలికా 'నట్టు'తో ముగుస్తుంది. నాటు, నట్టు: హల్లులు అవే, ఒకచోట అచ్చు సాగింది, ఇంకోచోట ట వత్తింది. ప్రతి పాదం చివరా కాలు నేలకు తన్నిన చప్పుడు అక్షరంలోనే ఉంది. డప్పు లేకుండా చదివినా అడుగు వినిపిస్తుంది.

ఇంకాస్త దగ్గరికి వెళ్లి చూడండి. చెప్పులు కిర్రుమంటాయి, సాము కర్రతో, చెట్టు మర్రి, దాని కింద గుంపు కుర్రాళ్లది, జొన్న ఎర్రది. కిర్రు, కర్ర, మర్రి, కుర్ర, ఎర్ర. రెండో అక్షరం 'ర్ర'. పద్యంలో ప్రాస అంటే ఇదే కదా! నన్నయ నాటి నుంచి పండితులు పట్టుకు వేలాడిన ద్వితీయాక్షర నియమాన్ని తీసుకొచ్చి మర్రిచెట్టు కింద కూర్చోబెట్టాడు, ఎవరికీ తెలియకుండా. పద్యం రాదనుకున్న పిల్లలు ప్రాసను పెదవుల మీద పెట్టుకుని తిరిగారు. మొదటి పోలికలు కంటికీ చెవికీ పనిపెడతాయి: గిత్త దూకుడు, పోతరాజు ఊగుడు, చెప్పుల చప్పుడు. కొసకొచ్చేసరికి జొన్నరొట్టె, మిరపతొక్కు. ఉన్నట్టుండి నాలుక మీదికి! మా దిక్కు పొద్దున్నే రొట్టె చరిచే చప్పుడుతో లేచే పిల్లలకు అది అలంకారం కాదు, చద్ది. చంద్రబోస్ పాటలో తొంభై పాళ్లు సగం రోజులో రాసి, మిగిలిన పది పాళ్లకు 19 నెలలు తిరిగానని చెప్పుకున్నాడు. రాసింది ఒకసారి కూడా తిరిగి చదవకుండా ఇచ్చేసే మా పిల్లలకు ఈ లెక్క పదే పదే చెప్తుంటాను.

అయినా నా ఓటు వెంకన్నకే. దాచుకోవలసిన పని లేదు. 'కుబుసం' సినిమాతో ఊరూరికీ చేరిన ఆయన 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటను అర్థశాస్త్రం పుస్తకం పక్కన పెట్టి చదవండి. చేతివృత్తులు కూలిపోయాయని పుస్తకం ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటుంది. వెంకన్న వృత్తి తర్వాత వృత్తి వాకిట్లో మనల్ని నిలబెడతాడు. కుమ్మరి వామి, కమ్మరి కొలిమి, ఒక్కో చోట పనిముట్టు పేరు, దానికి పట్టిన గతి. విశేషణం దాదాపు ఉండదు, నామవాచకమూ క్రియా మాత్రమే. దుఃఖం అన్న మాట వాడకుండా దుఃఖపెట్టడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు. 'వల్లంకి తాళం'కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు 'పాటకు అకాడమీయా' అని సణిగినవాళ్లున్నారు. వాళ్లు ఆ పుస్తకం అట్ట దాటి ఉండరు. వాగు, పిట్ట, గడ్డిపరక, ఏది పట్టుకున్నా దాని కదలికకు తగిన నడక ఆ పాదానికి ఉంటుంది. పిట్ట పాట ఏరులా నడవదు, ఏరు పాట పిట్టలా ఎగరదు. ఇది చేతనైనవాళ్లు ఏ భాషలోనైనా అరుదే.

చరిత్ర అంటారా, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి లాంటివాళ్లు జనంలో ఉన్న బాణీలకే కొత్త మాటలు తొడిగారు. యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి'ని గద్దర్ 'మా భూమి' సినిమాలో పాడాక అది పుస్తకాలకెక్కింది. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి దారి వేశాడు. హనుమంతు కొడుకు అశోక్ తేజకు 'ఠాగూర్' పాటకు జాతీయ పురస్కారం దక్కింది. మొన్న మొన్న 'బలగం'లో పల్లెటూరు పాటకు కాసర్ల శ్యామ్‌కు దక్కింది. పాత బాణీ ఎందుకు వాడతారంటే, కొత్త బాణీ నేర్వడానికి జనానికి తీరిక ఉండదంటారు పెద్దలు. నిజమే కావచ్చు. బాణీ ముందే తెలిసి ఉంటే చెవికి బరువు తగ్గి, బుద్ధి మాట మీదికి పోతుంది.

ఈ కిటుకును బతుకమ్మ ఆడే ఆడవాళ్లు ఎవరూ నేర్పకుండానే పట్టుకున్నారు. ఒకామె పాదం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అనో 'చందమామ' అనో అందుకుంటారు. ఆ అందుకునే లోపల పాట చెప్పే ఆమె తర్వాతి పాదం అల్లుకుంటుంది. రాయడం రాని మనిషి నిలబడ్డచోట, చప్పట్లు తప్పకుండా, గంటసేపు పాట కట్టగలగడానికి ఆ చిన్న సందే ఆధారం.

తెలిసిన బాణీ మాటను ఎలా దిద్దుతుందో మా బడి పిల్లలతో పరీక్షించాం. మా ఊరి మీద రాయమంటే ఒక అమ్మాయి 'మా గ్రామం పచ్చని పొలాలతో కళకళలాడుతూ ఉంటుంది' అని రాసుకొచ్చింది. ఏ ఊరికైనా అతికే వాక్యం.

"పొద్దుగాల మీ ఇంటి ముందు నిలబడితే ఏం కనిపిస్తదమ్మా?" అన్నాను.

"పత్తి ఏరనీకి పోయే ఆటో, సార్. మా అమ్మ ఎనక చెక్క మీద కూసుంటది, కాళ్లు బయటికేసి."

"ఇంకా?"

కాసేపు ఆలోచించింది. "దారి ఎనకకు ఉరుకుతున్నట్టు ఉంటది సార్, ఆమె కాళ్ల కింద."

ఇంకేం కావాలి! ఈ మాటలనే చందమామ బాణీలోకి ఎక్కించమన్నాను. ఆ బాణీలో అయిదేసి మాత్రల ముక్కలు రెండు, ఆ తర్వాత చందమామ. మొదట 'ఆటో వెనుక భాగంలో' అని పెట్టి పాడితే నాలుక తట్టుకుంది, పిల్లలంతా నవ్వారు. 'వెనుక భాగం' పోయి 'ఎనకాల' వచ్చింది. 'మా అమ్మ' దగ్గరికొచ్చి 'మాయమ్మ' అయింది. పీరియడ్ అయిపోయేసరికి బోర్డు మీద ఇది మిగిలింది:

ఆటోల ఎనకాల చందమామ
మాయమ్మ కూసుండె చందమామ
కాళ్లకిందను దారి చందమామ
ఎనకకే ఉరికేను చందమామ

వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, ఆటోల అయిదు, ఎనకాల అయిదు, ఎక్కడా ఒక్క మాత్ర జారలేదు. ఛందస్సు పాఠం చెప్పకుండానే ఖండగతి వచ్చి కూర్చుంది. అంతకంటే నాకు ముఖ్యమైనది, ఎర్ర సిరా పడుతుందని దాచుకున్న 'ఎనకాల', 'కూసుండె' మాటలే పాటను నిలబెట్టాయి. గ్రాంథికం పెడితే బాణీ ఒప్పుకోలేదు.

అందెశ్రీ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. బడి ముఖం చూడని మనిషి, గొడ్లు కాచాడు, తాపీ పని చేశాడు, కాకతీయ విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చేంత మాట సంపాదించాడు. 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్ర గీతమైంది. అప్పుడు మనం ఏం మాట్లాడుకున్నాం? స్వరం కీరవాణి కట్టాలా, తెలంగాణవాడు కట్టాలా అని వారాల తరబడి కొట్టుకున్నాం. ఆ పాటలో సమాసాలు ఎలా పేర్చాడు, అక్షరం రాయకముందే అంత సంస్కృతం చెవిలోకి ఎలా దిగింది, పొగడ్త పాటలో అలసట రాకుండా ఎలా నడిపాడు అని అడిగినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కకొస్తారు. 2025 నవంబరు 10న ఆయన పోయాడు. అడగడానికి మనిషి లేడు. నివాళి ఫ్లెక్సీలు మాత్రం దండిగా కట్టాం.

ఇప్పుడు నా అసలు మంట. జానపదం పేరుతో వారానికో పది పాటలు ఫోన్లలోకి దిగుతున్నాయి. బావ, మరదలు, గాజులు, పట్టీలు, మేనత్త కొడుకు, బుల్లెట్ బండి. ఈ ఆరు మాటల్ని అటూ ఇటూ మార్చి ఇంకో డీజే పాట. అందులో ఏ ఊరు? ఏ పంట? ఆ మరదలు పొద్దున లేచి ఏం పని చేస్తుంది? తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కంది కొట్టేటప్పుడు పాడుకునే పాట ఏదని ఈ పాటగాళ్లను అడిగితే బిక్కముఖం వేస్తారు. తాండూరు నాపరాయి గనుల్లో బండలు తీసేవాళ్ల చెమట మీద ఒక్క చరణం కట్టినవాడు వీళ్లలో ఎవడు? బాణీ దొంగిలించారని నా కోపం కాదు. బాణీ అందరిది. పాత పల్లవి తీసుకోవడమూ తప్పు కాదు. 'సారంగదరియా' పాట మీద 2021లో పెద్ద పంచాయితీ అయింది, పల్లవి జానపదులదే, చరణాలు తాను కట్టానని అశోక్ తేజ చెప్పాడు. చరణం కట్టే చెయ్యి ఉన్నవాడు పల్లవి తీసుకుంటే అది అప్పు, చరణం ఊసే లేనివాడు తీసుకుంటే దొంగతనం. నా తీర్పు ఇంతే, ఎవరు కోప్పడినా సరే.

ఎన్నికల పాటలు ఇంకో రోత. పోరాట పాటల బాణీలు పట్టుకొచ్చి, మాటలు పీకేసి, సందులో నాయకుడి పేరు కుక్కుతారు. ఏ పార్టీ అన్న తేడా లేదు. ఎవరి మీద తిరగబడుతూ ఆ బాణీ పుట్టిందో, వాళ్ల కార్ల మీదే మైకు కట్టుకుని తిరుగుతుంది. పాతిక మాత్రల నాయకుడి పేరు అయిదు మాత్రల సందులో పట్టక గాయకుడు ఆపసోపాలు పడుతుంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి.

విద్యాశాఖ పైవాళ్లను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పాఠ్యపుస్తకంలో పాట పెట్టాం కదా అంటారు. పెట్టారు, కిందనే 'ఈ గేయ సారాంశము వ్రాయుము' అని కూడా పెట్టారు. సారాంశం తీస్తే పాటలో ఏం మిగులుతుంది? దాని బదులు 'ఈ బాణీకి మీ ఊరి మీద ఒక చరణం కట్టండి' అని అయిదు మార్కుల ప్రశ్న వేయండి. దసరా సెలవుల్లో ప్రతి పిల్లా నానమ్మ దగ్గర ఒక బతుకమ్మ పాట ఫోన్‌లో రికార్డు చేసుకుని, మాటలు రాసుకుని, తనకు తెలియని మాటల కింద గీత గీసుకుని రావాలని చెప్పండి. వెంకన్న పాటా చంద్రబోస్ పాటా పక్కపక్కన పెట్టి, ఎవరు ఎక్కడ గెలిచారో పిల్లల్ని వాదించుకోనివ్వండి. నేను ఏ పక్షమో ముందే చెప్పాను. పిల్లలు నన్ను ఓడిస్తే సంతోషమే.

అలాంటి జవాబులు దిద్దడం కష్టమని మా పంతుళ్లే అంటున్నారు, మార్కులు ఏ కొలతన వేయాలని. పేపరు చేతిలో పట్టుకుని పాడి చూడండి సార్. మాత్ర తప్పితే నాలుకే తట్టుకుంటుంది, పైపై మాటలైతే రెండో పాదానికే గొంతు విసుగుతుంది. మా ఆటో పాటకు ఆ అమ్మాయి ఇంకా రెండో చరణం కడుతూనే ఉంది. పత్తి చేలో అమ్మ వేళ్లు ఎందుకు గీసుకుపోతాయో రాయాలట, 'కాయ' దగ్గర ఒక మాత్ర తక్కువొస్తోందట.