పరిహార వనీకరణము – ఒక పరిశీలన

అటవీభూమిని గనుల కిచ్చినపుడు, దానికి బదులుగా వేరొకచోట మొక్కలు నాటవలెనని మన దేశమున నియమము కలదు. దీనిని పరిహార వనీకరణ మందురు. ఇందుకై వసూలగు సొమ్మును నిర్వహించుటకు 2016లో ప్రత్యేక చట్టము వచ్చినది. అడవి ఉచితముగా లభించు వస్తువు కాదని గుర్తించుట ఈ నియమమునందలి మేలు. కాని భూతాపము పెరుగుచున్న ఈ కాలమున దీని లెక్కలో పెద్ద లోపము కానవచ్చుచున్నది.

నల్లమల సంగతి చూడుడు. 2019 మే నెలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమున 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా అంగీకరించినది. అన్వేషణ గని కాదు. కాని గనికి అది తొలిమెట్టు. చెంచులు వ్యతిరేకించిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకములు వలదని తీర్మానించినది.

తవ్వకములను సమర్థించు వాదము త్రోసిపుచ్చదగినది కాదు. అణువిద్యుత్తునకు బొగ్గు కాల్చనక్కరలేదు, ఇది నిజము. పోయిన అడవిని మొక్కలు నాటి పూరింపవచ్చు ననుటలోనే పొరపాటున్నది.

ఎండిన కలపలో ఇంచుమించు సగము కర్బనమే. 12 పాళ్ల కర్బనము దహనమైనచో 44 పాళ్ల కార్బన్ డయాక్సైడు ఏర్పడును. ఒక హెక్టారులోని చెట్లలో 50 టన్నుల కర్బన మున్నదనుకొందము. ఆ చెట్లు కాలినను, కుళ్లినను సుమారు 183 టన్నుల వాయువు గాలిలో కలియును. మట్టిలోని కర్బనము దీనికి అదనము. నేడు నాటిన మొక్క ఆ వాయువును తిరిగి గ్రహించుటకు అనేక దశాబ్దులు పట్టును. ఉష్ణోగ్రత పెరుగుదల 1.5 డిగ్రీలు మించకుండవలెనన్నచో 2050 నాటికి నికర ఉద్గారములు సున్న కావలెనని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2018లో తెలిపినది. అప్పు నేడే చేసి, గడువు దాటిన పిమ్మట తీర్చుట వంటిది ఈ పరిహారము.

నియమము విస్తీర్ణమును కొలుచుచున్నది. వయస్సును కొలుచుట లేదు. వరుసగా నాటిన ఒకే జాతి చెట్లు, మద్దియు ఏగిసయు తేనెపట్టులును గల నల్లమలకు సాటి రావు. కనుక అనుమతి కోరునపుడే నేలతో సహా ఎంత కర్బనము పోవును, అది ఎన్ని యేండ్లకు తిరిగి చేరును అను లెక్క చూపవలెను. గడువులోపల తీరని చోట అడవిని ముట్టకుండుటయే సరియైన పరిహారము. ఈ లెక్క హైస్కూలు విద్యార్థియు చేయగలడు.