మూత రంగు చూశావా?

ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే పనికి కొత్తగా వచ్చిన అమ్మాయిలకు ఇన్సులిన్ వేయడం నేర్పేటప్పుడు నేను ముందుగా సూది గుచ్చడం చూపించను. రెండు సిరంజిలు చేతికిస్తాను. ఒకదాని మూత ఎరుపు, రెండోదానిది నారింజ. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒకటి మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఇంకొకటి 100 యూనిట్లది. ఎరుపు మూత 40కి, నారింజ మూత 100కి. పెన్నులో పెట్టే కార్ట్రిడ్జ్‌లు మామూలుగా 100 బలానివే.

పెన్ను పాడైందని ఆ కార్ట్రిడ్జ్‌లోంచి ఎరుపు మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. అదే 40 సీసాలోంచి నారింజ సిరంజితో 20 గీతకు తీస్తే అందేది 8 యూనిట్లే. మొదటి పొరపాటు ఆ పూటే మనిషిని పడగొడుతుంది. నాకు ఎక్కువ భయం రెండోదంటేనే. షుగర్ ఎందుకు దిగట్లేదో ఎవరికీ అంతుపట్టదు, డాక్టరుగారు డోసు పెంచుతూ పోతారు. ఎప్పుడో ఒకరోజు మందుల షాపులో సరైన సిరంజి ఇస్తారు. పెంచిన ఆ డోసంతా ఒక్కసారిగా పని చేస్తుంది.

డోసు రాసే తీరు కూడా అంతే ముఖ్యం. 6 పక్కన ‘యు’ అన్న ఇంగ్లిష్ అక్షరం తొందరగా గీకితే సున్నాలా కనిపించి 60 అవుతుంది. అందుకే వాట్సాప్‌లో పంపినా, గోడ మీది క్యాలెండర్‌లో రాసినా ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయమంటాను.

ఐసీఎంఆర్ వాళ్లు 2023లో ప్రకటించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటే, ఇక్కడ తల్లిదండ్రుల సూది బాధ్యత చాలా ఇళ్లలో ఇంటర్ దాకా చదివిన ఒక అమ్మాయి చేతిలో ఉంటుంది. అమెరికాలో ఇలా మందులిచ్చే సహాయకులను మెడికేషన్ ఎయిడ్‌లంటారు. వాళ్లు ఇన్సులిన్ వేయవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వేయవచ్చన్న చోట కూడా శిక్షణకూ నర్సు పర్యవేక్షణకూ నిబంధనలుంటాయి. మన అమ్మాయికి పైన అడగడానికి చాలాసార్లు ఎవరూ ఉండరు.

చేతిపని చిన్నదేమీ కాదు. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను గిలకొట్టకూడదు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి. పెన్నయితే ముందు 2 యూనిట్లు బయటికి వదిలి, చుక్క కనబడ్డాకే డోసు తిప్పాలి. గుచ్చాక బటన్ నొక్కి పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది తీయాలి. రోజూ ఒకేచోట వేయించుకోవడం పెద్దవాళ్లకు ఇష్టం, అక్కడ నొప్పి తెలియదు కాబట్టి. కానీ అక్కడే చర్మం కింద కొవ్వు గడ్డకట్టి, మందు ఒకరోజు పట్టి ఒకరోజు పట్టకుండా పోతుంది. వేసే ముందు పొట్టను వేళ్లతో తడిమి చూడమంటాను, కంటికి కనిపించని గడ్డ వేలికి తగులుతుంది.

అన్నిటికన్నా కష్టం పెద్దవాళ్ల మాట దాటడం. “తింటాలేమ్మా, ముందు సూది వేసెయ్” అంటారు తాతగారు. వేశాక రెండు ముద్దలు తిని కంచం తోసేస్తారు. బామ్మగారు ఏకాదశి అని చెప్పనే చెప్పరు. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్‌కు, కంచంలో అన్నం కళ్లారా చూడటమే నేను చెప్పే నియమం. పెద్దవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు చెమటా వణుకూ రాకపోవచ్చు. ఊరికే చిరాకుపడటం, మాట తడబడటం మాత్రమే కనిపించవచ్చు. మీటరులో 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ నేర్చుకున్న అమ్మాయి ఒకరోజు సూది పక్కన పెట్టి, “తాతగారికి పొద్దుటి నుంచీ వాంతులు, డాక్టరుగారిని అడిగి వేస్తాను” అంటుంది. “రాసింది వెయ్యక నీకెందుకమ్మా ఇవన్నీ” అని కసురుకునే ఇళ్లు నాకు తెలుసు. నిజానికి ఇన్సులిన్ విషయంలో ఆమె సొంతంగా వేయడమూ తప్పే, సొంతంగా మానేయడమూ తప్పే. కొందరికి తిండి లేని రోజునా కొంత ఇన్సులిన్ అందాల్సిందే. ఆమె చేయగలిగిన సరైన పని ఆగి అడగడమే. ఎంత అంకె వస్తే ఆగాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, రాత్రయితే ఎవరు ఎత్తుతారు అన్నవి డాక్టరు చేత కాగితం మీద రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటించాల్సింది ఆ ఇంటివాళ్లు, ఆ అమ్మాయి పనిలో చేరే రోజే.