ఎన్ని కేవీఏ అన్నది రెండో ప్రశ్న

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ పక్కన ఒక ట్రాన్స్‌ఫార్మర్, పల్లెలో బోర్ల మధ్య స్తంభాల మీద ఇంకొకటి, చీరాల మీదుగా పోయే రైళ్లకు కరెంటిచ్చేది మరొకటి. సూత్రం అన్నింటికీ ఒకటే, 1831లో ఫారడే చూపించినదే: ఒక చుట్టలో కరెంటు మారుతుంటే పక్క చుట్టలో వోల్టేజి పుడుతుంది. అయినా ఒకదాని పని మరొకటి చేయలేదు. కొనేవాళ్లు మొదట ఎన్ని కేవీఏ అని అడుగుతారు. డిజైనరు మొదట తెలుసుకోవాల్సింది దాని మీద పడే లోడు నడత.

బోర్ల దగ్గరి 25 కేవీఏనే చూడండి. 11,000 వోల్టుల వైపు పారేది 1.3 ఆంపియర్లే, 433 వోల్టుల వైపు 33. అందుకే ఎగువ చుట్ట సన్నటి తీగతో, దిగువది మందపాటి తీగతో ఉంటుంది. దిగువన ఒక్క చుట్టుకు ఎగువన 44 చుట్లు. ఐదు హార్స్‌పవర్ మోటార్లు నాలుగు నడిస్తే సుమారు 30 ఆంపియర్లు, దానికి బరువేమీ కాదు. చిక్కంతా కరెంటు వచ్చిన క్షణంలో ఉంది. ఆటో స్టార్టర్లు నాలుగు మోటార్లనూ ఒకేసారి లేపితే ఆ కాసేపు 150 ఆంపియర్లు దాటుతుంది. చుట్ల మీద తోపుడు కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఐదు రెట్ల కరెంటుకు 25 రెట్ల తోపుడు. రోజూ ఈ దెబ్బ తింటూ చుట్ల బిగింపు వదులై, తీగకు ఇన్సులేషన్‌గా చుట్టిన కాగితం నలిగి, ఒకనాడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. రైతులు వంతులవారీగా మోటార్లు వేసుకుంటే దాని ఆయుష్షు పెరుగుతుంది.

ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, చివరి బోరు దాకా 433 వోల్టుల ఎల్‌టీ లైను లాగితే చివర్న వోల్టేజి పడిపోయి మోటార్లు కాలేవి. 11 కేవీ లైనునే పొలాల్లోకి తెచ్చి చిన్నవి పెట్టడం, నా లెక్కన, ఈ మైదానానికి జరిగిన గొప్ప మేలు. ఒకటి కాలినా నలుగురైదుగురి మిరప తోటకే తడి ఆగుతుంది, ఊరంతటికీ కాదు.

పత్తి జిన్నింగ్ మిల్లుది వేరే కథ. సీజను అయ్యాక మిల్లు ఆగినా, ట్రాన్స్‌ఫార్మర్ లైనులో ఉన్నంత సేపూ చుట్టల లోపలి ఇనుప కోర్ వేడెక్కుతూనే ఉంటుంది. ఈ ఇనుప నష్టానికి లోడుతో పని లేదు. రాగి నష్టం మాత్రం లోడు వర్గంతో పెరుగుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం తేలిక లోడు మీద ఉండేదానికి మేలురకం సిలికాన్ ఉక్కు మీద డబ్బు పెట్టాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 15.75 కేవీని 220కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు నిండు లోడు మీదే ఉంటుంది గనుక అక్కడ రాగి మీద ఎక్కువ శ్రద్ధ కావాలి.

కోల్డ్ స్టోరేజీకి ఎండాకాలమే గడ్డుకాలం. బయట ఎండ మండుతుంటే కంప్రెసర్లు రాత్రి కూడా ఆగవు, నూనె చల్లారే వ్యవధి దొరకదు. వేడి ఆరు డిగ్రీలు పెరిగితే కాగితం ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కాబట్టి దీనికి రేడియేటర్లు ధారాళంగా ఉండాలి.

రైల్వేది 132 కేవీని 25 కేవీగా దించే సింగిల్ ఫేజ్. బండి బయల్దేరినప్పుడు పడే భారం కోసం, రెట్టింపు లోడును ఐదు నిమిషాలు భరించేలా తయారు చేస్తారు. ట్రాక్టరు ట్రక్కులు అతికే వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనైతే, మిగతావాటిలో తగ్గించాలని చూసే అయస్కాంత లీకేజీని కావాలనే పెంచుతారు. నిప్పు రాజుకోగానే వోల్టేజి పడిపోయి కరెంటు అదుపులో ఉంటుంది.

ఇంత ఆలోచించి చేసినదీ మన నల్లరేగడిలో ఎర్త్ గుంత దగ్గర ఓడిపోతుంది. వేసవిలో నేల నెర్రెలిచ్చి గుంతలోని ఎర్త్ పైపును వదిలేస్తుంది. అప్పుడు లైను తెగి చేలో పడినా ఫ్యూజు పోయేంత కరెంటు నేలలోకి పారకపోవచ్చు. తీగలో కరెంటు అలాగే ఉంటుంది, చేనుకు వచ్చిన మనిషికి ఆ సంగతి తెలియదు. బొగ్గు, ఉప్పు వేసి, మార్చి నుంచి వానలు పడేదాకా ఆ గుంతకు నీళ్లు పోయడం తప్పనిసరి చేయాలి.