నీటి లెక్క తెలిసిన చేయి

ఏలూరులో మా పెద్దత్తయ్య పెరడు పట్టుమని 2 సెంట్లుండదు. వచ్చినవాళ్లంతా అక్కడి కాయలను మెచ్చుకుంటారు, నాకు ఆవిడ పనితనమే చూడముచ్చట. నీళ్లు పెట్టడం, కొమ్మలు కత్తిరించడం, పాదుకు గడ్డి కప్పడం మూడు పనులనుకుంటాం. ఆవిడ చేతిలో అవన్నీ ఒకే పని. వేరుకు చేరాల్సిన నీరు దారి తప్పకుండా చూడడం.

పొద్దున్నే ఎండెక్కకముందు బిందె, చెంబు పట్టుకుని వస్తుంది. ముందు పాదులోకి వేలు దించుతుంది. రెండో కణుపు దాకా మన్ను పొడిగా తగిలితేనే చెంబు వంచుతుంది.

“పైన ఎండిపోయింది కదత్తయ్యా!” అంటే, “పైన చూడకురా, లోపల చూడు” అంటుంది.

అక్కడిది నల్లమట్టి. పైపొర తెల్లబారినా లోపల చెమ్మ ఉంటుంది. రంగు చూసి రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. మొక్క మొదట్లో పోయదు, జానెడు ఎడంగా పాదు అంచు వెంట సన్నటి ధార తిప్పుతుంది. నీరు పీల్చే లేత వేళ్లు ఆ చుట్టూనే ఉంటాయి మరి. ఆకు తడిస్తే తెగుళ్లొస్తాయని చుక్క కూడా దానిమీద పడనివ్వదు. టమాటా దగ్గర మరీ నిక్కచ్చి. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా ముంచితే కాయ పగులుతుంది.

కత్తిరింపు దగ్గరుండి చూడాలి. టమాటా ఆకు మొదట్లో, కాండం సందున మొలిచే పిలకను అంగుళం ఉండగానే గోటితో గిల్లేస్తుంది. ముదిరాక లాగితే కాండం చీలుతుంది. అలాగని చెట్టును బోసి చెయ్యదు. ఆకు నీడ లేకపోతే మన ఎండకు కాయ బొబ్బలెక్కుతుంది. చలిదేశాల వీడియోలు చూసి టమాటాను ఒంటికాండానికి ఒలిచేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఆనప తీగ పందిరెక్కగానే కొస తుంచుతుంది. అసలు తీగకు మగపూలే ఎక్కువ, పిందెలు దిగేది పక్క తీగలకే. కాపు ఉడిగిన వంగను పీకదు. నేలకు అడుగు ఎత్తున పదునైన కత్తితో, నీరు నిలవకుండా ఏటవాలుగా కోసి, పశువుల ఎరువు వేసి తడిపెడుతుంది. మోడు చిగిర్చి మళ్లీ కాస్తుంది.

గడ్డి కప్పేది కలుపు తీసి, నీళ్లు పెట్టి, తడి మన్ను మీదే. వరిగడ్డి మూడంగుళాల మందం వేసి, కాండం చుట్టూ రెండు వేళ్ల ఖాళీ వదులుతుంది, మొదలు కుళ్లకుండా. నల్లమట్టి ఎండితే నెర్రెలిచ్చి లేత వేళ్లను తెంపేస్తుంది. లోతున ఉన్న చెమ్మ కూడా ఆ నెర్రెల గుండానే ఆవిరైపోతుంది. ఆవిడ పాదుల్లో నెర్రె కనబడదు. గడ్డి కాస్త తొలగించి చూస్తే అడుగుపొర నల్లబడి, మన్ను గుల్లబారి, వానపాములు కదులుతుంటాయి. గిల్లిన పిలకల్ని కూడా ఆ గడ్డి కిందికే తోస్తుంది. మచ్చలున్న ఆకును మాత్రం పెరట్లో ఉండనివ్వదు.

వానాకాలం రాగానే ఆ గడ్డినే పలచన చేస్తుంది. తడి ఎక్కువైతే దాని కింద నత్తలు చేరి లేత మొక్కల్ని కొరికేస్తాయి.